పెట్ట ముడుచుకుని నిలబడింది, మేత ముట్టడం లేదు. ముందు ఏం చూడాలి?

వేకువకూత | సోమవారం ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మా పెరట్లో ఐదు పెట్టలున్నాయి. వాటిలో బూడిద రంగుది, బూడిదమ్మ అని పిలుస్తాం, నిన్న మధ్యాహ్నం నుంచి బాగా లేదు. తోక కిందికి వాల్చేసి, ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని ఒక మూల నిలబడింది. గింజలు చల్లితే మిగతా నాలుగూ పరిగెత్తుకొచ్చాయి. ఇది మాత్రం కళ్ళు సగం మూసుకుని అక్కడే ఉండిపోయింది. రెండు రోజులుగా గుడ్డు కూడా పెట్టలేదు. వయసు రెండేళ్ళు దాటింది. గూటి తలుపు తీయగానే అన్నిటికన్నా ముందు బయటికి దూకేది ఇదే, అందుకే నాకు చాలా బెంగగా ఉంది. ముందు ఏం చూడాలి, ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతగంప | సోమవారం ఉదయం 7:10

ముందు దాన్ని మిగతావాటి నుంచి వేరు చెయ్యమ్మా. అంటురోగమో కాదో ఇప్పుడే తెలియదు, ఆ భయం ఒకటి. పైగా నీరసించిన కోడిని తోటి కోళ్ళు పొడుస్తాయి. అట్టపెట్టెలో పొడి పొట్టు పరిచి, గాలి ఆడుతూ వెలుతురు మరీ ఎక్కువ లేని చోట పెట్టు. తల వంచితే అందేలా నీళ్ళు ఉంచు. పట్టుకున్నప్పుడు ఒళ్ళు కాలుతోందని జ్వరం అనుకోకు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, మన చేతికి వెచ్చగానే తగులుతుంది.

ముప్పై ఏళ్ళుగా కోళ్ళతో ఉన్నదాన్ని, ఒక మాట గట్టిగా చెబుతాను. కోడి తన జబ్బును దాచుకుంటుంది. మందలో నీరసంగా కనపడితే పొడుపులు తప్పవు, గద్ద కంట్లో పడుతుంది, అందుకని చేతనైనంతసేపు మామూలుగానే తిరుగుతుంది. మన కంటికి జబ్బుగా కనపడిందంటే లోపల మొదలై రెండు మూడు రోజులు అయిందనుకో. రేపటిదాకా ఆగుదాం అనుకోవద్దు.

సూక్ష్మదర్శిని | సోమవారం ఉదయం 7:25

నేను పశువైద్యశాల ప్రయోగశాలలో పనిచేస్తాను, డాక్టర్‌ను కాను. మందు పేర్లు చెప్పను. ఏమేం చూసి డాక్టర్‌కి చెప్పాలో మాత్రం చెబుతాను.

వేకువకూత గారూ, ఇంకా పొద్దున్నే కదా, అది రాత్రంతా ఏమీ తినలేదు. ఈ సమయం వృథా చేయకండి, ఇప్పుడే మేత సంచి తడిమి చూడండి. మెడ మొదట్లో, రొమ్ముకి కొంచెం కుడిపక్కగా ఉంటుంది (కోడికి కుడి, మనకు కాదు). సాయంత్రం గూటికి చేరేటప్పుడు అది నిండుగా ఉబ్బి ఉంటుంది, పొద్దున్నకి దాదాపు ఏమీ తగలకూడదు. తగిలితే ఎలా ఉందో చెప్పండి: రాయిలా గట్టిగానా, పిండిముద్దలానా, నీళ్ళ తిత్తిలానా? ముక్కు దగ్గర వాసన చూడండి, పులిసిన వాసన వస్తోందా?

తర్వాత పొట్ట. రెట్ట వేసే ద్వారం కింద, కాళ్ళ మధ్య మెత్తగా ఉండాలి. అక్కడ నీళ్ళు నిండినట్టున్నా, గట్టిగా ఏదైనా తగిలినా రాయండి. రొమ్ము ఎముక వెంట వేలు పోనిచ్చి రెండువైపులా కండ ఉందో, కత్తి అంచులా ఎముకే తగులుతోందో చూడండి. కళ్ళలో నురగ, ముక్కు కారడం, ఊపిరిలో గురక ఉన్నాయా? ద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేల కోసం చూడండి. చివరగా రెట్ట. రాత్రి పడుకున్న చోట ఎంత ఉంది, ఏ రంగులో ఉంది?

పొదుగుపెట్ట | సోమవారం ఉదయం 7:40

గుడ్డు అడ్డం పడిందేమో అని నా అనుమానం. పోయినేడు మా పెట్ట ఇలాగే తోక దించుకుని, ఒళ్ళు నిటారుగా నిలబెట్టి, మాటిమాటికీ గుడ్డు పెట్టే పెట్టెలోకి వెళ్ళి ముక్కి ఖాళీగా బయటికి వచ్చేది. గోరువెచ్చని నీళ్ళలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తడి పూర్తిగా ఆరబెట్టి, చీకటి చోట ఉంచాం. రెండు గంటల తర్వాత పెట్టింది. పొట్ట మీద నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి. లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

వేకువకూత | సోమవారం ఉదయం 8:05

మీరు చెప్పినవన్నీ చూశాను. పెట్టెలోకి వెళ్ళడం, ముక్కడం లేదు. పొట్ట మెత్తగానే ఉంది. కళ్ళు, ముక్కు శుభ్రంగా ఉన్నాయి, పేలు కనపడలేదు.

మేత సంచి మాత్రం నిండుగా ఉంది. నా పిడికిలి కంటే కొంచెం చిన్నది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది, పిండిముద్ద నొక్కినట్టు. పులిసిన వాసన లేదు. రొమ్ము ఎముక పదునుగా తగిలింది. అది చూసి ఏడుపొచ్చింది. ఇంత చిక్కిపోయేదాకా నేను గమనించలేదు, ఈకల వల్ల పైకి బొద్దుగానే కనపడేది. రెట్ట రాత్రంతా కలిపి ఒక చెంచాడు కూడా లేదు, ఆకుపచ్చగా, నీళ్ళగా, మధ్యలో కాస్త తెల్లగా ఉంది.

సూక్ష్మదర్శిని | సోమవారం ఉదయం 8:20

అంత వివరంగా చూసినందుకు ముందు మీకు ధన్యవాదాలు. ఆకుపచ్చ నీళ్ళ రెట్ట అంటే చాలావరకు కడుపులోకి మేత దిగడం లేదని అర్థం, అందులో ఉండేది పైత్యరసం రంగు. గుడ్డు సంగతి కన్నా మేత సంచి అడ్డుపడిందనే నాకు అనిపిస్తోంది. ఈ రోజే డాక్టర్‌కి చూపించండి.

వెళ్ళేలోపు గట్టి మేత ఏదీ పెట్టకండి. నీళ్ళు ఉంచండి. రెండు మూడు చుక్కల వంటనూనె నోటి పక్కనుంచి ఒక్కో చుక్కగా పోసి, మింగాక, సంచిని వేళ్ళతో మెత్తగా పిసకండి, ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. పిచికారీతో నోట్లోకి ఒక్కసారిగా కొట్టొద్దు. కోడికి ఊపిరి గొట్టం నోరు నాలుక వెనకే ఉంటుంది, నూనె అందులోకి పోతే ఊపిరితిత్తులు పాడవుతాయి.

మట్టిచేతులు | సోమవారం ఉదయం 9:00

మేము ఇలాంటప్పుడు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి మేత బయటికి కక్కిస్తాం. రెండుసార్లు పనిచేసింది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ పొడి కూడా నీళ్ళలో కలిపి ఇవ్వండి, ఎందుకైనా మంచిది.

పాతగంప | సోమవారం ఉదయం 9:20

వద్దు తమ్ముడూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకు. నేనూ ఒకప్పుడు అలాగే చేసేదాన్ని, మా ఇంట్లో పెద్దవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఒకసారి ఎర్ర పెట్టను అలా పట్టుకుంటే నోట్లోంచి వచ్చిన నీళ్ళు ఊపిరిలోకి పోయి నా చేతుల్లోనే రెండు నిమిషాల్లో చచ్చిపోయింది. దాని రెక్కలు కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు తర్వాత మళ్ళీ ఎప్పుడూ చేయలేదు.

సూక్ష్మదర్శిని | సోమవారం ఉదయం 9:35

యాంటీబయాటిక్ గురించి కూడా చెప్పాలి. అడ్డం పడిన మేతను ఏ మందూ కరిగించదు. సగం మోతాదులో ఇస్తే కోడికి లాభం లేదు, మందుకు లొంగని సూక్ష్మజీవులు మాత్రం పెరుగుతాయి. ఆ మందు గుడ్డులోకీ వస్తుంది. డాక్టర్ ఏ మందు రాసినా 'గుడ్లు ఎన్ని రోజులు తినకూడదు' అని అడిగి, క్యాలెండర్ మీద రాసుకోండి.

మట్టిచేతులు | సోమవారం ఉదయం 9:50

పాతగంప అమ్మా, సూక్ష్మదర్శిని గారూ, ఇద్దరికీ ధన్యవాదాలు. తలకిందులు చేయడం అంత ప్రమాదమని తెలియదు. ఇక చేయను. పొడి ప్యాకెట్ కూడా పక్కన పెట్టేశాను.

కొత్తగూడు | సోమవారం మధ్యాహ్నం 1:15

ఈ చర్చ చదివి మా ఆరింటి మేత సంచులూ తడిమాను, అన్నీ బాగానే ఉన్నాయి. మూడు నెలలే అయింది మేం మొదలుపెట్టి. ఒక అనుమానం, ఇక్కడే అడుగుతున్నాను, మన్నించండి. రెట్ట చాలావరకు గట్టిగా, మీద తెల్లటి పూతతో ఉంటుంది. మధ్యమధ్యలో ఒకటి ముదురు గోధుమ రంగులో జిగటగా, భరించలేని కంపుతో పడుతోంది. విరేచనాలా?

సూక్ష్మదర్శిని | సోమవారం మధ్యాహ్నం 1:40

కాదండి, అది మంచి ఆరోగ్యమే. కోడి పేగుల చివర రెండు మూసుకుపోయిన తిత్తుల్లాంటి పేగులుంటాయి. అక్కడ పీచు పదార్థం పులుస్తుంది, ఆ తిత్తులు ఖాళీ అయినప్పుడు పడేదే మీరు చూసింది. ఎనిమిది పదింటికి ఒకటి అలా ఉండడం మామూలే. తెల్లటి పూత మూత్రం, కోడికి రెండిటికీ దారి ఒకటే.

భయపడాల్సింది ఎర్రటి రక్తం కనపడితే. ముఖ్యంగా మూడు వారాల నుంచి రెండు నెలల పిల్లల్లో రక్తపు రెట్ట, ముడుచుకుని కూర్చోవడం, వాలిన రెక్కలు కలిసి కనపడితే అది చాలావరకు కాక్సిడియోసిస్, పేగుల్లో చేరే ఒక క్రిమి తెచ్చే జబ్బు. ఆ క్రిమి రెట్టలో బయటికి వచ్చాక తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే సోకే స్థితికి వస్తుంది. అందుకే నీళ్ళ గిన్నె చుట్టూ తడిసిన పొట్టును ఏ రోజుకారోజు తీసేయాలని అంటాం. మందు ఉంది, త్వరగా ఇస్తే బతుకుతాయి. ఆలస్యం చేస్తే పిల్లలు వరసగా పోతాయి.

తవుడుబుట్ట | సోమవారం సాయంత్రం 4:30

వేకువకూత గారు డాక్టర్ దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు మేత గురించి రెండు మాటలు. నాకు ఈ విషయం మీద మమకారం ఎక్కువ, కొంచెం పొడవుగా రాస్తే ఓర్చుకోండి.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. అందులో మాంసకృత్తులు 16 శాతం దగ్గర, కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉండాలి. ఒక్క గుడ్డు పెంకులోనే సుమారు రెండు గ్రాముల కాల్షియం పోతుంది. గుడ్డు తయారవడానికి రోజుకు కాస్త పైగా పడుతుంది, అందులో ఇరవై గంటలు పెంకు కట్టడానికే. అది ఎక్కువగా రాత్రి జరిగే పని. మేతలో కాల్షియం చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. మెత్తటి పెంకు గుడ్లు, తర్వాత కాళ్ళు చచ్చుబడడం, గుడ్డు అడ్డం పడడం, వీటి వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. ఆల్చిప్పల పొడిని మేతలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టండి. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. ఎదిగే పిల్లలకు మాత్రం గుడ్లకోళ్ళ మేత పెట్టకూడదు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

కోడికి పళ్ళు లేవు, నమలడం కందనకాయ పని. గింజలు, ఆకులు తినే కోడికి దొరికేచోట చిన్న గులకరాళ్ళు, ముతక ఇసుక తప్పకుండా ఉండాలి. అవి లేకపోతే కందనకాయ నలపలేదు, మేత పైన సంచిలోనే ఆగిపోతుంది. బూడిదమ్మకు ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఒక్క పాలిష్ బియ్యమే పెట్టి కోళ్ళను పెంచేవాళ్ళు ఒక కథ తెలుసుకోవాలి. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డచ్చి వైద్యుడు తన కోళ్ళ కాళ్ళు చచ్చుబడి తూలిపోవడం చూశాడు. అవి తింటున్నది తెల్లటి పాలిష్ అన్నం. ముడిబియ్యం పెట్టగానే కోలుకున్నాయి. తవుడులో పోతున్న ఆ పదార్థమే బి1 విటమిన్ అని తర్వాత తేలింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే రకం గింజ మీద కోడిని పెంచొద్దని నేను అనేది అందుకే.

బూజు పట్టిన గింజలు కోళ్ళకు పారేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి. బూజుపట్టిన వేరుశనగ పిండి కారణమని వెతికి పట్టుకున్నారు, అఫ్లాటాక్సిన్ అనే విషం గురించి లోకానికి తెలిసింది అప్పుడే. మనం తినలేనిది కోడికీ పెట్టకూడదు.

వేకువకూత | సోమవారం రాత్రి 8:40

వెళ్ళి వచ్చాం. డాక్టర్ కూడా మేత సంచి అడ్డుపడిందనే చెప్పారు. సంచి ఆగడానికి ఒక్కోసారి వేరే జబ్బు కారణమవుతుందట, గుడ్డు సంచి వాపో, నులిపురుగులో. అందుకని రెట్ట పరీక్షకు పంపారు, పురుగుల గుడ్లు పెద్దగా లేవు. రేపంతా నూనె చుక్కలు, పిసకడం. ఎల్లుండి పొద్దున్నకీ ఖాళీ కాకపోతే కోసి తీయాలన్నారు.

ఒక విషయం నాకు నేనుగా చెప్పుకోవాలి. పదిరోజుల క్రితం పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగితే కోసి, ఆ ఎండిన కట్టలు అలాగే కోళ్ళ ఆవరణలో వేశాను. ఏరుకుని తింటాయి కదా అనుకున్నాను. డాక్టర్ అడిగేదాకా ఆ సంగతి నాకు గుర్తుకే రాలేదు.

పాతగంప | సోమవారం రాత్రి 9:05

నిన్ను నువ్వు తిట్టుకోకు. కోసిన పొడుగాటి గడ్డి ఎవరైనా వేస్తారు. నేలలో నాటుకుని ఉన్న గడ్డిని కోడి చిన్నచిన్న ముక్కలుగా తెంపుకుని తింటుంది. కోసి పడేసిన దాన్ని తెంపడానికి పట్టు దొరకదు, పొడుగు పొడుగునే మింగేస్తుంది. లోపల అది జడలా అల్లుకుంటుంది. రేపు పొద్దున్నే ఆ కట్టలన్నీ ఏరి తీసేయ్.

నాలుగుపెట్టలు | మంగళవారం ఉదయం 7:30

మీ బూడిదమ్మ కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. మేము పోయిన నెల ఒకదాన్ని పోగొట్టుకున్నాం. ఆరు నెలల పెట్ట. మొదట కుంటింది, కాలికి దెబ్బ తగిలిందనుకున్నాం. నాలుగు రోజుల్లో ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంది. మారెక్స్ జబ్బు అన్నారు. 1907లో జోసెఫ్ మారెక్ అనే హంగేరీ పశువైద్యుడు దీన్ని మొదట వివరించాడట, ఆయన పేరే నిలిచింది. దీనికి చికిత్స లేదు. పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన మొదటి రోజునే టీకా వేస్తే రక్షణ ఉంటుంది. మేము కొన్న పిల్లలకు వేశారో లేదో అడగలేదు. ఎవరైనా పిల్లలు తెచ్చుకుంటే ముందు ఆ ప్రశ్న అడగండి.

కొత్తగూడు | మంగళవారం ఉదయం 7:50

చాలా బాధగా ఉంది మీ పెట్ట గురించి. టీకాల సంగతి కూడా తెలియని వాళ్ళం మేము. కొక్కెర తెగులు టీకా పెద్ద కోళ్ళకు కూడా వేయొచ్చా? మా ఆరు కోళ్ళూ ఐదు నెలల వయసువి.

సూక్ష్మదర్శిని | మంగళవారం ఉదయం 8:15

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ అని పిలిచేది కూడా ఇదే. 1926లో అక్కడా, జావాలోనూ మొదట గుర్తించారు. మెడ మెలి తిరగడం, ఆకుపచ్చ రెట్ట, ఊపిరాడకపోవడం. టీకా లేని మందలో వస్తే దాదాపు అన్నీ పోతాయి. మామూలుగా మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు, తర్వాత బూస్టర్లు. పెద్దవాటికీ వేస్తారు, ఏ రకం టీకా, ఎప్పుడెప్పుడు అన్నది డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.

ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకా కనక మంచుగడ్డల మీదే తెచ్చుకోవాలి. కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. నీళ్ళలో కలిపి తాగించే రకమైతే ఆ నీళ్ళలో క్లోరిన్ ఉండకూడదు. ఈ మూడిట్లో ఏది తప్పినా టీకా వేశామన్న తృప్తి తప్ప రక్షణ ఉండదు. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయరు, కాబట్టి బూడిదమ్మకు ఇప్పుడు కాదు.

వేకువకూత | మంగళవారం రాత్రి 9:30

ఐదుసార్లు పిసికాను. మధ్యాహ్నం కాస్త చిన్నదైనట్టు అనిపించింది, రాత్రికి మళ్ళీ అంతే. నీళ్ళు తాగుతోంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కళ్ళు మూసుకుని నిద్రపోయింది. ఇదివరకు ఒక్క క్షణం కూడా చేతుల్లో ఉండేది కాదు, అందుకే ఆ మచ్చిక చూస్తే సంతోషం వేయలేదు.

ఇంకో చిక్కు. రాత్రి గూట్లోకి టార్చి వేసి చూస్తే, కోళ్ళు ఎక్కి కూర్చునే కర్ర చివర్లలో ఎర్రగా, ఆవగింజ కన్నా చిన్నవి పాకుతున్నాయి. పగలు ఎన్నిసార్లు చూసినా కనపడలేదు.

పాతగంప | మంగళవారం రాత్రి 9:55

ఎర్ర మైట్లు. పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రి కోడి మీదికెక్కి రక్తం తాగి దిగిపోతాయి. పగలు కోడి ఒళ్ళు వెతికితే దొరకవు, అందుకే 'పేలు లేవు' అనుకున్నావు. తురాయి పాలిపోవడం, గూట్లోకి వెళ్ళడానికి మొరాయించడం, గుడ్ల మీద చిన్న ఎర్ర చుక్కలు, ఇవి గుర్తులు. నిజంగా ఉన్నాయో లేదో తేల్చుకోవాలంటే కర్ర కింద తెల్లబట్ట తుడిచి చూడు, రక్తపు మరకలు పడతాయి.

మందు కోడికి కాదు, గూటికి. అన్నీ బయటికి తీసి, సందుల్లో బ్రష్‌తో గీకి, సలసల కాగే నీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టు. వెచ్చగా ఉన్న రోజుల్లో వాటి గుడ్డు వారం పది రోజుల్లో పెద్ద పురుగవుతుంది. ఒకసారి కడిగి ఊరుకుంటే మిగిలిన గుడ్లు పొదిగి మళ్ళీ నిండుతాయి. వారం తిరగ్గానే ఇంకోసారి, ఆ తర్వాత ఇంకోసారి చేయాలి. ఖాళీ గూట్లో కూడా ఇవి నెలల తరబడి ఆకలితో బతుకుతాయి.

కోళ్ళు పొర్లడానికి పొడి మట్టి గుంట ఉందా? వానలో తడవకుండా పైకప్పు కింద పెట్టు. దుమ్ములో పొర్లడమే వాటికి స్నానం, ఒంటి మీద పేలను అదే దులుపుతుంది.

వేకువకూత | బుధవారం మధ్యాహ్నం 2:20

ఆపరేషన్ అయింది. మత్తు ఇచ్చి సంచి కోశారు. లోపల నుంచి గడ్డి ఉండ తీశారు, మధ్యలో చుట్టుకుని ఒక పొడవాటి ప్లాస్టిక్ దారం. గోనెసంచి విప్పినప్పుడు కిందపడింది అయ్యుండాలి. సంచికి ఒక వరస, చర్మానికి ఒక వరస కుట్లు వేశారు. రేపటి నుంచి నానబెట్టిన మెత్తటి మేత, చెంచా చొప్పున, నాలుగైదు సార్లు. ఇంటికి తెచ్చాను. మెల్లగా లేచి నీళ్ళు తాగింది.

పొదుగుపెట్ట | బుధవారం మధ్యాహ్నం 2:35

ఎంత సంతోషమో! దారం సంగతి చదివి వెంటనే మా ఆవరణంతా వెతికాను, మూడు ముక్కలు దొరికాయి.

తవుడుబుట్ట | బుధవారం సాయంత్రం 5:10

మొదటి వారం పొట్ట నిండా పెట్టాలని తొందరపడకండి. కుట్టు మీద బరువు పడకూడదు. రోజూ ఒకే సమయానికి తూకం వేయండి, వంటింటి కాటా చాలు. కంటికి కనపడే మార్పు కన్నా ముందు తూకంలో తేడా వస్తుంది. కుదిరితే మిగతా నాలుగింటినీ వారానికోసారి తూచి రాసుకోండి. పట్టుకున్నప్పుడే మేత సంచి, రొమ్ము ఎముక, అరికాళ్ళు చూడడం అయిపోతుంది. అరికాలిలో నల్లటి పెచ్చు కట్టి కింద గట్టిగా వాస్తే అది చీముగడ్డ మొదలు. చాలాసార్లు కర్ర మరీ ఎత్తులో ఉండి దూకడం వల్లే వస్తుంది.

కొత్తగూడు | శుక్రవారం ఉదయం 10:00

బూడిదమ్మ ఎలా ఉంది? మాకు ఇక్కడ ఎండ బాగా పెరిగింది. కోళ్ళు నోరు తెరిచి రొప్పుతున్నాయి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటున్నాయి.

పాతగంప | శుక్రవారం ఉదయం 10:15

వేడి తట్టుకోలేకపోతున్నాయి. కోడికి చెమట పట్టదు, రొప్పడమే ముఖ్యమైన దారి. నీడ, గాలి, చల్లటి నీళ్ళు. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టు, ఎండలో మామూలుకు రెండింతలు తాగుతాయి. కాలివేళ్ళు మునిగేలా వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసినా నిలబడతాయి. మేత పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక పెట్టు, నడిమధ్యాహ్నం కాదు. ఏదైనా తూలి పడిపోతే వెంటనే కాళ్ళు, పొట్ట మామూలు నీళ్ళలో ముంచు. మంచునీళ్ళు వద్దు.

వేకువకూత | శుక్రవారం ఉదయం 11:30

ఈ పూట మేత సంచి ఖాళీ!!! తెల్లవారి 5:30కి వేలితో తడిమాను, ఏమీ తగల్లేదు. రెట్ట గట్టిగా, తెల్లపూతతో పడింది. అంత అందమైన రెట్ట ఎప్పుడూ చూడలేదు. బరువు ఆపరేషన్ రోజుకన్నా 40 గ్రాములు పెరిగింది. గుడ్ల గురించి తొందర లేదు, డాక్టర్ చెప్పినన్నాళ్ళు పెట్టినవీ పారేస్తాం.

ఇంకో ప్రశ్న. దీన్ని తిరిగి మందలో కలపడం ఎలా? కిటికీలోంచి చూసి మిగతావి రెక్కలు విదిలిస్తున్నాయి, ముఖ్యంగా నల్లది.

పొదుగుపెట్ట | శుక్రవారం మధ్యాహ్నం 12:10

వారం దూరమైతే చాలు, కోళ్ళకు అది కొత్త కోడితో సమానం. ఎవరు ఎవరిని పొడవాలో వాటిలో ఒక వరస ఉంటుంది. నార్వే దేశపు జంతుశాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచి కోళ్ళను చూస్తూ రాసుకుని 1921లో ఈ వరసను వివరించాడు. బూడిదమ్మ లేని ఈ రోజుల్లో దాని చోటు నల్లది తీసుకుని ఉంటుంది.

మధ్యలో వల అడ్డంపెట్టి, చూసుకునేట్టు, తాకలేనట్టు మూడు నాలుగు రోజులు ఉంచండి. కుట్లు మానాక, చీకటి పడ్డాక మెల్లగా కర్ర మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి. పొద్దున్నే మీరు అక్కడ ఉండాలి. మేత గిన్నె, నీళ్ళ గిన్నె రెండేసి చోట్ల పెడితే నల్లది రెండూ కాపలా కాయలేదు. రెండు మూడు పొడుపులు వాటి మానాన వదలండి. రక్తం కనపడితే మాత్రం వెంటనే తీసేయాలి, రక్తం చూస్తే అన్నీ ఎగబడతాయి.

సూక్ష్మదర్శిని | శుక్రవారం మధ్యాహ్నం 12:45

చాలా సంతోషం. ఈ చర్చ చదివేవాళ్ళందరికీ ఒక విన్నపం ఉంది. ఇక్కడ జబ్బుపడింది ఒక్క కోడి, అదీ నెమ్మదిగా. ఒకేసారి రెండు మూడు కోళ్ళు హఠాత్తుగా చనిపోతే, తల వాచి తురాయి ఊదారంగుకు తిరిగితే, దయచేసి ఇంట్లో కోసి చూడకండి, ఒట్టి చేతులతో తాకకండి. పక్షి జ్వరం అయ్యే అవకాశం ఉంది, మనుషులకూ సోకుతుంది. వెంటనే పశువైద్యాధికారులకు చెప్పండి. అడవి బాతులు, కొంగలు దిగే నీళ్ళు కోళ్ళు తాగకుండా చూడండి. మామూలు రోజుల్లో కూడా కోళ్ళను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గూటికి వేరే చెప్పులు ఉంచుకోవాలి. ఐదేళ్ళలోపు పిల్లలు కోడిపిల్లలను ముద్దుపెట్టుకోకుండా చూడాలి. పైకి ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్టలో కూడా మనకు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు.

వేకువకూత | పన్నెండు రోజుల తర్వాత, ఉదయం 7:00

కలిసిపోయింది. మొదటి పొద్దున నల్లది నాలుగుసార్లు పొడిచింది, బూడిదమ్మ తిరిగి పొడవలేదు, పక్కకి జరిగింది. మూడో రోజుకి రెండూ మట్టిగుంటలో పక్కపక్కనే పొర్లాయి. గూడు మూడోసారి కడగడం ఇవాళ సాయంత్రం. తెల్లబట్ట మీద ఈసారి మరకలు లేవు.

బరువు ఇంకా పాత బరువుకు 100 గ్రాములు తక్కువ. గుడ్డు రాలేదు. తలుపు తీస్తే మాత్రం మళ్ళీ ముందు దూకేది అదే.

గడ్డి వేయడం పూర్తిగా మానేయాలా, ఎంత పొడవు దాకా పర్వాలేదు?

పాతగంప | అదే రోజు, ఉదయం 7:20

మానొద్దమ్మా, పచ్చిమేత వాటికి మంచిది. కోసి వేసేటప్పుడు నీ వేలి కణుపంత ముక్కలు చెయ్యి. ముదిరి ఎండినది వద్దు, లేతది చాలు. ఆకుకూరైతే గుత్తిగా కట్టి వాటి తల ఎత్తున వేలాడదీయి, లాగి తెంపుకుని తింటాయి.